చేనికి దప్పికైతే

పొద్దున ఏడు గంటలకు మొక్కజొన్న చేను గట్టున నిలబడితే అంతా పచ్చగా, నిటారుగా, కంటికి చల్లగా ఉంటుంది. ఇంకో నాలుగు రోజులు తడి పెట్టకపోయినా ఢోకా లేదులే అనిపిస్తుంది. అదే చేనికి మధ్యాహ్నం రెండు గంటలకు పోయి చూడండి. ఆకులన్నీ నిలువునా గొట్టాలుగా చుట్టుకుని, కొసలు వేలాడేసి, పచ్చదనం పోయి బూడిదరంగు తిరిగి ఉంటాయి. గుండె గుభేలుమంటుంది. మోటారు దగ్గరికి పరుగెత్తేవాళ్ళు కొందరు, పురుగుమందుల అంగడికి బండి తిప్పేవాళ్ళు కొందరు. మరి పొద్దున చూసింది నిజమా, మధ్యాహ్నం చూసింది నిజమా?

నన్నడిగితే మూడోసారి చూడమంటాను, పొద్దు గుంకినాక. అప్పటికి ఆకు మళ్ళీ విచ్చుకుందంటే కంగారు పడాల్సింది లేదు, మొక్క తన లెక్క తాను చూసుకుంటోంది. రాత్రంతా గడిచి, తెల్లారి కూడా ఆకు చుట్టుకునే ఉందంటే మాత్రం పని మించిపోతోందని అర్థం.

ఇట్లా దగ్గరికి జరిగి కూర్చోండి. రుద్రవరంలో ఈ కాలాన చీకటి పడితే నల్లమల మీంచి దిగే చలి ఒళ్ళు కొరుకుతుంది. చలిమంట చుట్టూ నలుగురు చేరితే మాట ఎట్లా తిరిగినా నీళ్ళ మీదికే వస్తుంది. శ్రీశైలంలో ఎన్నడుగులున్నాయి, పోతిరెడ్డిపాడు గేట్లు ఎత్తినారా, వెలుగోడు నిండిందా, తెలుగుగంగకు ఎప్పుడు వదుల్తారు, వదిలినా కడ కాల్వ దాకా వస్తాయా. 885, 854 అనే శ్రీశైలం నీటిమట్టం అంకెలు ఈ పక్క బడి మొహం చూడని ముసలామెకు కూడా నోటికొచ్చు. చందలూరు పోయినా, ఆలమూరు పోయినా, పెద్దకంబలూరు పోయినా ఇదే మాట. కాల్వల రాజకీయం మనకు కొట్టిన పిండే. నీళ్ళు రాని ఆ పది పన్నెండు రోజులూ మొక్క లోపల ఏం జరుగుతుందన్నది మాత్రం ఎవరూ మాట్లాడరు. ఈ రాత్రికి ఆ కబుర్లు చెప్పుకుందాం.

ముందు మన నేల సంగతి. 2022 ఏప్రిల్ 4 నుంచి మనది నంద్యాల జిల్లా. అంతకు ముందు కర్నూలు. పేరు మారింది గానీ నేల మారలేదు. తూర్పున నల్లమల, దాని కాళ్ళ దగ్గర ఎర్రనేల, గరుసునేల. పడమటికి దిగేకొద్దీ, ఆళ్ళగడ్డ దాటి కోవెలకుంట్ల, ఉయ్యాలవాడ వైపు పోయేకొద్దీ నల్లరేగడి. పాత కర్నూలు జిల్లా సగటు వాన 670 మిల్లీమీటర్ల దగ్గర ఉంటుంది. అనంతపురం కంటే మేలే. కానీ సగటును నమ్ముకుని పంట పెట్టినవాడు బాగుపడినట్టు నేను వినలేదు. 2023 ఆగస్టునే తీసుకోండి. దేశం మొత్తం మీద 1901 నుంచి లెక్కలున్నన్నాళ్ళలో అంత ఎండిపోయిన ఆగస్టు లేదని వాతావరణ శాఖే చెప్పింది. జులైలో మురిపించిన వాన, పైరు ఏపుగా ఎదిగే వేళకి మొహం చాటేసింది.

ఇప్పుడు అసలు ప్రశ్న. మొక్క తాగిన నీళ్ళు యాడికి పోతాయి?

ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ అని ఒక పాదిరీ ఉండేవాడు. చర్చి పని పోను మిగిలిన పొద్దంతా మొక్కలతో గడిపేవాడు. మూడున్నర అడుగుల పొద్దుతిరుగుడు మొక్కను కుండీలో పెట్టి, కుండీ మూతి మూసేసి, పొద్దున ఒకసారి సాయంత్రం ఒకసారి తూచాడు. పగటిపూట సగటున అర కిలోకి పైగా నీరు ఆకుల్లోంచి గాలిలోకి పోతోందని తేల్చాడు. ఆ సంగతులన్నీ 1727లో పుస్తకంగా వేశాడు. పొద్దుతిరుగుడు మన నంద్యాల చేలల్లో ఒకప్పుడు ఎంత వేసేవాళ్ళో మీకు తెలిసిందే. ఎకరాకు ఇరవై వేల పైచిలుకు మొక్కలుంటాయి. రోజుకు ఎన్ని ట్యాంకర్ల నీళ్ళు ఆవిరవుతాయో మీరే గుణించుకోండి.

వేరు పీల్చుకున్న నీటిలో నూటికి తొంభై అయిదు పాళ్ళకు పైగా ఇట్లా గాలిపాలు కావలసిందే. మొక్క ఒంట్లో నిలిచేది చాలా కొంచెం. "మరి అంత దుబారా ఎందుకు సామీ?" అంటారు. దుబారా కాదు, గత్యంతరం లేదు. ఆకు కింద కంటికి కనపడని చిన్న చిన్న రంధ్రాలుంటాయి. గాలిలోని బొగ్గుపులుసు వాయువు లోపలికి రావాలంటే ఆ రంధ్రాలు తెరవాలి, అది వస్తేనే తిండి తయారవుతుంది. తెరిస్తే లోపలి తడి బయటికి పోతుంది. తెరిస్తే దప్పిక, మూస్తే ఆకలి. ఈ రెంటి మధ్య రోజంతా నడిచే బేరమే మొక్క బతుకు. ఒక కిలో ఎండుమేత తయారు చేయడానికి మొక్కజొన్నకు మూడున్నర వందల లీటర్ల నీరు కావాలి. వరి, గోధుమల లెక్క అయిదు వందలు దాటుతుంది.

నీరు తగ్గితే మొక్క చేసే మొదటి పని మనకు కనపడదు. పెరుగుదల ఆపేస్తుంది. ఆకు వాడదు, రంగు మారదు, పురుగు పట్టదు. కొత్తగా వచ్చే ఆకు మాత్రం వేలెడు పొట్టిగా వస్తుంది. కణాలు ఉబ్బితేనే ఆకు సాగుతుంది, ఉబ్బడానికి లోపల నీటి వత్తిడి కావాలి, అది కాస్త తగ్గినా సాగడం నిలిచిపోతుంది. మనం గట్టు మీద నిలబడి "పైరు బాగుందే" అనుకునే రోజుల్లోనే దిగుబడిలో కొంత పోయి ఉంటుంది. ఇది ఎవరికీ మింగుడుపడని మాట. వాడు మొహం పట్టాకే నష్టం మొదలైందని మనం అనుకుంటాం. అప్పటికి అది వారం నాటి సంగతి.

రెండో పని రంధ్రాలు మూయడం. ఇది చిత్రంగా ఉంటుంది. మట్టి ఆరుతోందన్న సమాచారం వేళ్ళ నుంచి ఆకుకు అందుతుంది. అబ్‌సిసిక్ ఆమ్లం అనే పదార్థం ఆకుల్లో పేరుకుని రంధ్రాల రెక్కల్ని దగ్గరికి లాగుతుంది. వేళ్ళకు ముందుగా తెలిస్తే, ఆకు ఇంకా నీళ్ళు ఉండగానే పొదుపు మొదలెడుతుంది. రంధ్రాలు మూశాక ఆకు వేడెక్కుతుంది, ఎందుకంటే చెమట ఆగిపోయింది గదా. కావాలంటే మీరే చూడండి: మిట్టమధ్యాహ్నం తడి పెట్టిన మడిలో ఆకును వేళ్ళ వెనకవైపుతో తాకండి, చల్లగా తగులుతుంది. తడి లేని మడిలో ఆకును తాకండి, వెచ్చగా ఉంటుంది. దీన్నే పెద్ద పరిశోధనా కేంద్రాల్లో ఖరీదైన కెమెరాలతో కొలుస్తారు. మనకు చెయ్యి చాలు.

ఆ తర్వాత ఆకుల ఆసనాలు. మొక్కజొన్న, వరి ఆకుల పై చర్మంలో పెద్ద పెద్ద కణాల వరస ఒకటి ఉంటుంది; అవి ముడుచుకుంటే ఆకు గొట్టంగా చుట్టుకుంటుంది, ఎండకు తగిలే మేర తగ్గిపోతుంది. వేరుశనగ ఇంకొక ఉపాయం చేస్తుంది. నాలుగు రెబ్బల్నీ దగ్గరికి మడిచి, సూర్యుడికి అంచు చూపిస్తుంది. అంతకీ లాభం లేకపోతే కింది ముసలి ఆకుల్ని పండబెట్టి రాల్చేస్తుంది, అందులోని సత్తువ ముందే పైకి లాగేసుకుని. ఉన్న కూటిని వేళ్ళకు ఎక్కువగా, కొమ్మలకు తక్కువగా పంచుతుంది. చూడండి, వీటిలో ఏ ఒక్కటీ జబ్బు కాదు. అన్నీ పొదుపు. ఆకు పండిందని ఒక డబ్బా, చుట్టుకుందని ఒక డబ్బా, పూత రాలిందని ఇంకో డబ్బా అంటగట్టే అంగళ్ళు మనకేమీ కొదవ లేదు. ఒక్క తడితో పోయేదానికి అయిదు రకాల మందులు కొట్టినవాళ్ళు ఈ చలిమంట దగ్గరే ఉన్నారు. పేర్లు చెప్పను, నవ్వుతున్నారు గదా, చాలు.

"మా నల్లనేల ఇంకా తడిగానే ఉంది, పిడికిట పడితే ముద్ద అవుతోంది, అయినా పైరు వాడింది. ఇదేం విడ్డూరం?" అని అడిగే పెద్దాయన ఒకరు ఎప్పుడూ ఉంటారు. మంచి ప్రశ్న. నల్లరేగడి వడ్డీలకిచ్చే పిసినారి షావుకారు లాంటిది. ఇనప్పెట్టె నిండా ఉంటుంది, చెయ్యి జారదు. దాని బంకమట్టి రేణువులు ఎంత సన్నవంటే, నీటిని చుట్టూ అంటిపెట్టుకుని వదలవు. నూటికి ఇరవై పాళ్ళు తడి ఉన్నా మొక్క వాడిపోవచ్చు. అదే మన కొండ కింది ఎర్ర ఇసుక నేలలో తడి అయిదారు పాళ్ళకు పడిపోయే దాకా వేరు ఎంతోకొంత లాక్కోగలదు. మామూలు పంట వేరు నేల నుంచి నీటిని లాగగల బలానికి ఒక హద్దు ఉంది. మన చుట్టూ ఉన్న గాలి వత్తిడికి సుమారు పదిహేను రెట్లు అంటారు. నేల అంతకంటే గట్టిగా పట్టుకుంటే ఇక వేరు చేతులెత్తేస్తుంది. పిడికిలి పరీక్ష రెండు నేలలకూ ఒకే రకంగా పెట్టగూడదు, అంతే.

నల్లరేగడికి ఇంకో గుణం ఉంది, పగుళ్ళు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో చేతికర్ర అంత కర్ర తీసుకుని పగుల్లోకి దించండి, మూడడుగులు సులభంగా పోతుంది. ఆ పగులు లోపల నుంచి అడుగు పొరల తడి కూడా ఆవిరైపోతుంది, పక్కనున్న వేళ్ళు పుటుక్కుమని తెగిపోతాయి. అందుకే మన పెద్దవాళ్ళు వాన వెనకే గుంటక తోలేవాళ్ళు. పైన రెండంగుళాలు పొడిమట్టి చేసి కప్పితే కింది తడి పైకి రావడానికి దారి తెగిపోతుంది, పగులు కూడా పూడుతుంది. కలుపు కోసమే గుంటక అనుకుంటే సగమే తెలిసినట్టు. కలుపుమందులొచ్చాక గుంటక మూలబడింది. కలుపు చచ్చింది సరే, పగులు మిగిలింది.

ఇక్కడ కర్నూలు-కడప కాల్వ, అదే మన కేసీ కాల్వ ముచ్చట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మద్రాస్ ఇరిగేషన్ కంపెనీ అనే తెల్లవాళ్ళ కంపెనీ 1860లలో సుంకేసుల నుంచి కడప దాకా కాల్వ తవ్వింది, పంటకూ పడవలకూ అని. నీళ్ళు చూడగానే రైతులు ఎగబడతారని లాభాల లెక్కలు వేసుకుంది. మన నల్లరేగడి రైతులు మామూలు సంవత్సరాల్లో ఆ నీళ్ళ వైపు పెద్దగా చూడలేదు. జొన్న, పత్తి, శనగ వానకే పండుతుంటే పన్ను కట్టి నీళ్ళు ఎవడు కొంటాడు? కంపెనీ దివాలా దారి పట్టింది, 1882లో సర్కారే కాల్వను కొనుక్కుంది. నేలలో దాచిన నీరు ఎంతో ఆ రైతులకు తెలుసు, కంపెనీ ఇంజనీర్లకు తెలియలేదు. అయితే ఇది పూర్తిగా గొప్ప చెప్పుకునే సంగతీ కాదు. వాన మొత్తానికే ఎగ్గొట్టిన ఏడు ఆ నేలైనా ఏం చేయగలదు? 1876లో మొదలైన ధాత కరువులో ఈ సీమంతా ఎట్లా అలమటించిందో ముత్తవ్వల కాలం నుంచి వింటూనే ఉన్నాం. దానికి పదేళ్ళ ముందు, 1866 కరువులో, ఉయ్యాలవాడ బుడ్డా వెంగళరెడ్డి గంజి పోసి జనాన్ని బతికించుకున్నాడు.

సరే, శనగ మాటకొద్దాం. నీళ్ళు లేకుండా పంట తీయడం ఎట్లాగో నేర్చుకోవాలంటే శనగ చేను దగ్గరికి పోవాలి. అక్టోబరు, నవంబరుల్లో, ముంగారు వానలు నేలలో దిగిన పదును మీద గొర్రు తోలి విత్తుతారు. ఆ తర్వాత చినుకు పడకపోయినా పంట చేతికొస్తుంది. ఎక్కడి నుంచి? మీటరు లోతు నల్లరేగడి, పంటకు అందే నీటిని 200 మిల్లీమీటర్ల దాకా దాచగలదు. పంట పరుగంతా ఆ దాచిన నీరు అయిపోయేలోపు కాయ గట్టిపడాలని. తల్లివేరు రోజురోజుకూ కిందికి, ఇంకా కిందికి పోతుంటుంది. పైపొర ఆరిపోయేసరికి వేరు అడుగు పొరకు చేరి ఉండాలి.

"శనగ మంచుకే పండుతుంది" అంటారు మనవాళ్ళు. కొంత నిజమే. తెల్లవారి ఆకు మీద మంచు ఉన్నంతసేపు ఆకులోంచి నీరు పోదు, ఆ రెండు మూడు గంటలు ఖర్చు తప్పుతుంది. పండించేది మాత్రం అడుగున దాచిన నీరే. తెల్లారే ముందు శనగ చేలో నడిస్తే మోకాళ్ళ కింద చుర్రుమంటుంది, చూశారా? ఆకు మీది నూగులోంచి ఊరే పులుపు అది. మంచులో కలిసిన ఆ పులుపు కోసం చేల మీద గుడ్డలు పరిచి పిండుకునే అలవాటు మన దేశంలో చాలాచోట్ల ఉండేది. నాలిక మీద వేసుకుంటే చింతపండు బలాదూరు.

ఈ పరుగుపందెంలో గెలవాలంటే తొందరగా కాపుకొచ్చే రకం కావాలి. ఒకప్పుడు మనకు అన్నిగెరి అనే కర్ణాటక శనగే దిక్కు. ఆ తర్వాత జేజీ 11 వచ్చింది, వచ్చి మన చేలన్నీ కమ్మేసింది. నంద్యాలలో 1906 నుంచి ఉన్న వ్యవసాయ పరిశోధనా స్థానం వాళ్ళు కూడా బెట్టకు, వేడికి తట్టుకునేవని నంద్యాల శనగ 1 లాంటి రకాలు తీశారు, కోతమిషనుకు అందేలా నిలువుగా పెరిగే ఎన్‌బీఈజీ 47 తీశారు. వీటి ఘనత ఎక్కువ నీళ్ళు తాగకుండా ఉండడంలో లేదు. నీళ్ళు అయిపోకముందే పని ముగించుకోవడంలో ఉంది. కాల్వ నీళ్ళు దొరికాయి గదా అని శనగకు తడి మీద తడి పెట్టిన చేలు చూశాను. నడుం ఎత్తు పెరిగి, పక్కకు పడిపోయి, ఆకే తప్ప కాయ లేదు. మొక్కకు కొంచెం దప్పిక పుట్టకపోతే కాపు మీద ధ్యాస పుట్టదు, కొన్ని పంటల తీరు అంతే. రెండు తడులకు నీళ్ళుంటే ముప్పై, ముప్పై అయిదు రోజులకు ఒకటి, కాయ ఊరే వేళ అరవై రోజుల దరిదాపుల్లో ఒకటి. చాలు.

ఇదిగో, నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. ఎన్ని నీళ్ళు అన్నది మనం ఆలోచించినంత, ఏ వారంలో అన్నది ఆలోచించం. మొక్క చిన్నప్పుడు పది రోజులు ఎండబెట్టండి, తర్వాత తేరుకుంటుంది. ఒక్కోసారి వేరు లోతుగా పోయి మేలే చేస్తుంది. అదే పది రోజులు పూత మీద ఎండబెట్టండి, ఆ తర్వాత కాల్వ తెంచి పోసినా పోయింది రాదు.

మొక్కజొన్నను చూస్తే ఇది కళ్ళకు కట్టినట్టు తెలుస్తుంది. పైన మగపూత, నడుమున కంకి నుంచి పట్టుకుచ్చు. ఆ కుచ్చులో ఒక్కో పోగు ఒక్కో గింజది. పోగు సాగడానికి నీళ్ళు కావాలి, చాలా కావాలి. దప్పికైన మొక్కలో మగపూత వేళకే వచ్చేస్తుంది, కుచ్చు మాత్రం నాలుగైదు రోజులు ఆలస్యమవుతుంది. కుచ్చు బయటికొచ్చి చూసేసరికి పుప్పొడి రాలి అయిపోయి ఉంటుంది. పెళ్ళివారు ఊళ్ళో దిగేసరికి పందిరి విప్పేసినట్టు అని మా వైపు ఒకాయన అంటాడు. కోత నాడు పొట్టు ఒలిచి చూస్తే, గింజలు అక్కడొకటి ఇక్కడొకటి. కొస అంతా బోసి. దాన్ని చూసి విత్తనం కంపెనీని తిట్టేవాళ్ళున్నారు. ఒక్కోసారి తిట్టదగిందే గావచ్చు, కానీ ముందు ఆ వారం తడి పెట్టామా లేదా అని గుర్తు చేసుకోవాలి.

వరిలో చిరుపొట్ట నుంచి ఈనిక దాకా అదే గండం. నీరు తగ్గితే వెన్ను పూర్తిగా బయటికి రాదు, ఆకు తొడిమలోనే సగం ఇరుక్కుపోతుంది. వచ్చినా తాలు. తెల్ల కంకులు చూసి కాండం తొలిచే పురుగని మందు కొడతారు. కంకిని పట్టి లాగండి, పురుగైతే చేతికి ఊడొస్తుంది, లోపల కొరికిన గుర్తుంటుంది. దప్పికదైతే ఊడదు.

వేరుశనగది మరీ తమాషా బతుకు. పూత పైన, కాపు నేలలో. పూత పోయాక ఊడ కిందికి దిగి నేలలో గుచ్చుకోవాలి. పైపొర ఎండి గట్టిపడితే ఊడ కొస తాకి అక్కడే ఆగిపోతుంది, నల్లబడి ఎండిపోతుంది. చెట్టు ఎత్తి చూస్తే కింద గాలిలో వేలాడుతూ పదీ ఇరవై ఊడలు కనిపిస్తాయి, అన్నీ కాయలు కావలసినవే. ఎట్లాగో దిగినవాటికీ కష్టం తప్పదు. కాయకు కావలసిన సున్నం వేరు నుంచి రాదు, కాయ తన తొక్క ద్వారా చుట్టూ ఉన్న మట్టి నుంచి నేరుగా పీల్చుకోవాలి. ఆ మట్టిలో తడి లేకపోతే సున్నం కదలదు. ఎకరాకు రెండు వందల కిలోల జిప్సం వేసి, పైన తడి లేకపోతే వేసిన డబ్బు మట్టిలోనే ఉంటుంది. లొట్ట కాయలు మిగుల్తాయి. ఇక పీకే ముందు చివరి నెల బెట్ట తగిలితే అంతకంటే పెద్ద ముప్పు: నేల వేడెక్కి, కాయ నీరసపడి, పచ్చటి బూజు లోపలికి చేరుతుంది. అఫ్లాటాక్సిన్ అనే విషం దానిదే. కాలేయానికి చేటు. ఇంటికి దాచుకున్న కాయల్లో ముడుచుకున్న గింజ, రంగు మారిన గింజ ఏరిపారేయమని ఆడవాళ్ళు చెప్పేది రుచి కోసమే కాదు.

దప్పికైన ఒంటిని చూసి చుట్టాలు కూడా చేరతారు. మిరపలో తామరపురుగులు, నల్లులు పొడివాతావరణంలోనే పేట్రేగుతాయి. శనగలో ఎండు వేరుకుళ్ళు వేడి, బెట్ట కలిసిన ఏడే విరుచుకుపడుతుంది. మొక్క పీకితే పిల్లవేళ్ళు ఉండవు, తల్లివేరు పెళుసుగా విరిగి సగం నేలలోనే ఉండిపోతుంది. అక్కడ మందు కంటే ముందు నేలను తడపడమే వైద్యం.

ఇంతా విని, "అయితే వాడిన ప్రతి మొక్కకూ నీళ్ళు పోస్తే సరి" అని లేవబోకండి. పత్తి రైతులను అడగండి. ఇరవై రోజులు ఎండి, ఒక్కసారిగా కుండపోత కురిసి, మరునాడే ఎండ కాస్తే, నిండుగా కాయలున్న మొక్కలు పూట తిరిగేసరికి తలలు వేలాడేస్తాయి. నేల నిండా నీళ్ళే. కానీ వేరుకు గాలి ఆడదు, గాలి లేని వేరు నీళ్ళు లాగలేదు. నీళ్ళ మధ్య నిలబడి దప్పికతో వాడడం అంటే ఇదే. అప్పుడు చేయాల్సింది కాల్వ తీసి నీళ్ళు బయటికి పంపడం.

మరి మొక్క నోరు తెరిచి అడిగితే ఎంత బాగుండు అంటారా? ఒక రకంగా అడుగుతుందట. 2023లో టెల్ అవీవ్ విశ్వవిద్యాలయం వాళ్ళు టమాటా, పొగాకు మొక్కల పక్కన మైకులు పెట్టి విన్నారు. తడి ఉన్న మొక్క గంటకు ఒక చప్పుడైనా చేయలేదు. ఎండబెట్టిన మొక్క గంటకు ముప్పై నుంచి యాభై టిక్కుటిక్కులు చేసింది. మన చెవికి అందని స్థాయిలో. కాండంలో వేరు నుంచి ఆకు దాకా సన్నటి నీటి దారాలు బిగుతుగా లాగి ఉంటాయి. మరీ బిగిస్తే మధ్యలో గాలిబుడగ పుట్టి దారం తెగుతుంది. ఆ తెగే చప్పుడే గావచ్చని వాళ్ళ ఊహ. తెగిన దారం మళ్ళీ అతకడం కష్టం. గబ్బిలాలకు, ఎలుకలకు అందే స్థాయి చప్పుడు అది. మన చేలల్లో రాత్రిళ్ళు ఎలుకలు ఏమేమి వింటున్నాయో ఏమో.

కాల్వ మీంచి కళ్ళు తిప్పి ఒకసారి కొండ వైపు చూడండి. ఇంకో నెలన్నర పోతే నల్లమల మోడువారుతుంది. అందుగ, చిరుమాను, నల్లమద్ది, మన రుద్రవరం అడవిలో పోలీసులు, దొంగలు ఒకరినొకరు తరుముకునే ఎర్రచందనం, అన్నీ ఆకు రాల్చేస్తాయి. కొత్తగా వచ్చినవాళ్ళు అడవి చచ్చిపోయిందనుకుంటారు. ఆకు లేకపోతే ఖర్చు లేదు. రాళ్ళ సందుల్లో మిగిలిన కాస్త తడితో ఒళ్ళు కాపాడుకుంటాయి. ఆ మోడుల మధ్యే మోదుగ ఎర్రగా పూస్తుంది. వేప ఇంకా మొండిది: వాన ఇంకా మూడు నెలలుందనగా, ఉగాదికి ముందే లేతాకు వేసి పూత పెడుతుంది. లోతున ఎక్కడో దానికి ఖాతా ఉంది.

మన పంటలకు ఆ వసతి లేదు. నూరు రోజుల్లో పుట్టి, పెరిగి, కాచి పోవాలి. ఆకు రాల్చి వచ్చే ఏడు చూసుకుందాం అనుకునే వీలు వాటికి ఇవ్వలేదు మనం. ఎక్కువ కాపు కోసం వేలయేళ్ళుగా ఏరుకుంటూ వచ్చాం, ఏరుకున్నప్పుడల్లా ఆ మొండితనం కొంత వదులుకున్నాం. మామిడి, చింత తోటలు పెట్టినవాళ్ళకు ఈ విషయంలో కాస్త నిశ్చింత. కానీ అవి కూడా చిన్న మొక్కలుగా ఉన్న రెండు మూడు వేసవులు దాటించాలి గదా.

ఇంత చెప్పాక నంద్యాల నుంచి వచ్చిన మా చెల్లెలు లాంటి ఒకావిడ అడిగింది: "అన్నా, చేలు మాకెక్కడివి, మిద్దె మీద కరేపాకు కుండీ ఉంది, రోజూ నీళ్ళు పోస్తున్నా ఆకు పసుపుబడి రాలిపోతోంది, ఏం చేయాల?" కుండీ అడుగున చిల్లి ఉందా అని అడిగాను. ఉండేదట, టైల్సు పాడవుతాయని వాళ్ళాయన సిమెంటు పెట్టి మూసేశాడట. ఆ సిమెంటు పగలగొట్టమ్మా ముందు. రెండు రోజులు నీళ్ళు మానుకో. ఆ తర్వాత పొద్దున్నే వేలు రెండు కణుపులు మట్టిలోకి దించి చూడు. పొడిగా తగిలితే కింది చిల్లిలోంచి కారేదాకా నిండుగా పొయ్యి. తడిగా తగిలితే ఆ రోజుకు చెంబు లోపలే పెట్టుకో.